‘ప’ అనే అక్షరం, పరాభవ అనే ఏడాది

పోయిన దసరాలకి ముందు మా ప్రెస్సుకి కొత్త పంచాంగం రాతప్రతి వచ్చింది. మొదటి పేజీ కంపోజ్ చేస్తూ ‘శ్రీ పరాభవ నామ సంవత్సరం’ అని కొట్టాను. ఆ తర్వాత ప్రతి పేజీ నెత్తిమీదా అదే మాట. తిథులు, వర్జ్యాలు, ముహూర్తాలు, రాశిఫలాలు, ఎక్కడ చూసినా పరాభవ. ఆ పని పూర్తయ్యేలోపు ఎన్ని వందలసార్లు ఆ మాట నా వేళ్ళ కింద నుంచి వెళ్ళిందో చెప్పలేను. నోట్లోంచి మాత్రం ఒక్కసారీ రాలేదు.

నాకు నత్తి. అన్ని అక్షరాలూ ఒకేలా ఇబ్బంది పెట్టవు. ‘స’, ‘న’ చాలావరకు జారిపోతాయి. ‘ప’ దగ్గర మాత్రం పెదాలు మూసుకున్న చోటే బిగుసుకుపోతాయి. మాట లోపల తయారుగా ఉంటుంది, ఊపిరి ఉంటుంది, పెదాలు విడవవు. మెడ నరాలు ఉబ్బుతాయి, కళ్ళు వాటంతటవే మూసుకుంటాయి. నా పేరు ‘ప’తోనే మొదలవుతుంది. మా ఊరు పెద్దాపురం పక్కన. నేను చేసేది ప్రెస్సులో పని. ఎవరైనా నా గురించి మామూలుగా అడిగే మూడు ప్రశ్నలకీ జవాబు ఆ అక్షరంతోనే మొదలవ్వాలి.

రాజమండ్రిలో డీటీపీ ఆపరేటరుగా పదమూడేళ్ళయింది. పేజ్‌మేకర్, అనూ ఫాంట్లు, ఒక మూల గది, ఒక ఫ్యాను. డిగ్రీ అయ్యాక ఈ పని ఎందుకు ఎంచుకున్నానో నాకు బాగా తెలుసు. ఇందులో ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. కౌంటర్లో కూర్చోమని మా ఓనరు గారు రెండుసార్లు అడిగారు, జీతం పెంచుతానన్నారు కూడా. రెండుసార్లూ తల అడ్డంగా ఊపాను. “నత్తి తగ్గాక చూద్దామండి” అన్నాను రెండోసారి. ఆ ‘నత్తి తగ్గాక’ అనేది నా జీవితంలో ఎంత చోటు ఆక్రమించిందో అప్పుడు నాకు తెలియదు.

బళ్ళో హాజరు పిలిచేటప్పుడు ‘ప్రెజెంట్ సార్’ అనాలి. అదీ ‘ప’నే. ‘యస్ సార్’ అంటే ఒప్పుకునేవారు కాదు ఒక మాస్టారు. చెయ్యి ఎత్తితే ఆబ్సెంటు వేసేవారు. బడికి రోజూ వెళ్ళి కూడా ఆ నెల నా హాజరు సగమే ఉంది. నాన్న వచ్చి మాట్లాడాల్సి వచ్చింది. నాకు గుర్తున్నది ఆబ్సెంట్లు కాదు, నాన్న మాట్లాడుతుంటే పక్కన నిలబడి గోడ చూస్తూ ఉన్నది.

ఇంట్లో వాళ్ళు చేయనిది లేదు. అమ్మ వసకొమ్ము అరగదీసి నాలిక మీద రాసేది. ఎవరో చెప్తే నోట్లో గులకరాళ్ళు పెట్టుకుని చదివాను, పళ్ళు నొప్పెట్టడం తప్ప ఏం జరగలేదు. అన్నిటికన్నా బాధపెట్టింది ఒక మాట. రామాలయంలో భజన అయితే నేను గొంతెత్తి పాడేవాణ్ణి. పాటలో నత్తి రాదు. నలుగురితో కలిసి ఒకేసారి చదివినా రాదు. నత్తి ఉన్న దాదాపు అందరికీ ఇంతే అని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం “పాటలో రానిది మాటలో ఎందుకొస్తుందిరా, కావాలనే చేస్తున్నావు” అన్నారు. పదేళ్ళ పిల్లవాడు ఆ మాట నమ్మేస్తాడు. నేను నమ్మాను. తప్పు నాదే, నేను గట్టిగా అనుకోవట్లేదు, నాలో ఏదో దమ్ము లేదు అని.

అదే రామాలయంలో ప్రతి ఉగాది సాయంత్రం శాస్త్రిగారు పంచాంగం చదివేవారు. ఆదాయం, వ్యయం అందరికీ కావాలి. నాకు కావలసింది ఆ తర్వాతది: రాజపూజ్యం, అవమానం. పన్నెండేళ్ళప్పుడు ఓ ఉగాదికి నా రాశికి అవమానం ఆరు అని వచ్చింది. ఆరంటే ఏడాదిలో ఆరుసార్లు అనుకున్నాను. నోటుబుక్కు చివరి పేజీలో గీతలు గీయడం మొదలుపెట్టాను. వైశాఖం దాటకుండానే ఆరూ అయిపోయాయి.

పెద్దయ్యాక గీతలు మానేశాను, తప్పించుకోవడం నేర్చుకున్నాను. శనివారం ఇంటికి వెళ్ళాలంటే కండక్టరుకి ‘పెద్దాపురం’ అని చెప్పాలి. నేను ‘సామర్లకోట’ అని టిక్కెట్టు తీసుకుని పెద్దాపురంలో దిగిపోయేవాణ్ణి. సామర్లకోట ఆ తర్వాత వస్తుంది, టిక్కెట్టు ఎక్కువ. ఒకసారి దిగబోతుంటే కండక్టరు “ఏవండీ, మీ ఊరు రాలేదు, ఇది పెద్దాపురం” అని చెయ్యి పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టాడు. మంచివాడు. నేను సామర్లకోట దాకా వెళ్ళి ఇంకో బస్సెక్కి వెనక్కి వచ్చాను. అది ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి కూడా మొన్న మాఘంలోనే చెప్పాను.

పోయిన ఏడు విశ్వావసు ఉగాది, 2025 మార్చి 30. ఆ వేసవిలో మా పాపకి మూడున్నర నిండింది. అప్పటిదాకా గలగలా మాట్లాడే పిల్ల ఒకరోజు గుమ్మంలోంచి “నా నా నా నాన్నా” అంది. మర్నాడూ అంతే. వారం తిరిగేసరికి కొన్ని మాటల దగ్గర నోరు తెరుచుకుని ఆగిపోయింది. నా కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. అమ్మ వసకొమ్ము కోసం వెతకడం మొదలుపెట్టింది. నేను ఏం చేశానో చెప్పాలి. మోకాళ్ళ మీద కూర్చుని “ఆగు, నెమ్మదిగా, మళ్ళీ చెప్పు” అన్నాను. చిన్నప్పుడు నాతో అందరూ అన్న మాటలే, అదే గొంతుతో. పాప నా మొహం చూసి మాట పూర్తి చేయకుండా లోపలికి వెళ్ళిపోయింది.

నాకోసం అయితే ఎప్పటికీ వెళ్ళేవాణ్ణి కాదు. పాప కోసం కాకినాడలో ఒక స్పీచ్ థెరపిస్టు దగ్గరికి వెళ్ళాం. ఆవిడ పాపతో అరగంట ఆడుకున్నారు. తర్వాత మాతో చెప్పారు: మాటలు నేర్చుకునే వయసులో నూటికి సుమారు ఐదుగురు పిల్లలకి ఇలా వస్తుంది, ఎక్కువమందికి దానంతటదే పోతుంది, ఆడపిల్లలకి ఇంకా తొందరగా పోతుంది. పెద్దవాళ్ళయ్యాక కూడా మిగిలేది నూటికి సుమారు ఒకరికి. కుటుంబంలో ఉంటే మిగిలే అవకాశం కొంచెం ఎక్కువ, అందుకని గమనిస్తూ ఉందాం అన్నారు. భయం వల్ల వచ్చేది కాదు, ఎవర్నో అనుకరిస్తే వచ్చేదీ కాదు, మెదడు మాటని నడిపే తీరులో ఉన్న తేడా, అందులో వంశపారంపర్యం పాలు ఉంది అన్నారు. పాపని ‘నెమ్మదిగా చెప్పు’ అనొద్దు, మీరు నెమ్మదిగా మాట్లాడండి. మాట అందించొద్దు, కళ్ళలోకి చూస్తూ ఆగండి. ఎలా చెప్పింది అన్నది వదిలేసి ఏం చెప్పింది అన్నదానికి జవాబివ్వండి.

అన్నీ రాసుకున్నాను. లేవబోతుంటే ఆవిడ “మరి మీ సంగతేంటండి?” అన్నారు. అప్పటిదాకా మా ఆవిడే మాట్లాడింది. నేను ఒక్క ముక్క అనలేదు. అయినా ఆవిడకి తెలిసిపోయింది.

నేను కష్టపడి “నా... నాది పోదండి” అన్నాను.

“పోగొడతానని నేనూ చెప్పను” అన్నారు. అంత సూటిగా నాకు ఎవరూ చెప్పలేదు. ఇన్నాళ్ళూ పోతుందన్నవాళ్ళే, డబ్బు తీసుకుని గ్యారంటీ ఇచ్చినవాళ్ళే. “కానీ మీరు మాట్లాడటం లేదు చూశారా, అది నత్తి కాదు. దానికి పనుంది” అన్నారు.

ఆషాఢం నుంచి రెండు వారాలకోసారి వెళ్ళాను. మొదటి పని ఒక నోటుబుక్కు. ‘నేను చేయలేను’ అనుకున్నవన్నీ రాయమన్నారు. కౌంటరు, ఫోను, బ్యాంకు, హోటల్లో ఆర్డరు, పాపకి కథ, పరిచయం చేసుకోవడం. మూడు పేజీలు వచ్చింది. తర్వాత ఒక్కోదాని పక్కన రాయమన్నారు: దీన్ని నత్తి ఆపిందా, నేను ఆపుకున్నానా? పుష్కర ఘాట్‌లో మెట్ల మీద కూర్చుని ఆ పని చేశాను. నత్తి ఉన్నా హోటల్లో పెసరట్టు ఆర్డరివ్వొచ్చు, ఆలస్యంగా వస్తుంది అంతే. నేను ఇడ్లీ అంటున్నాను, ఇష్టం లేకపోయినా. పాపకి కథ చెప్పొచ్చు, పాపకి తొందరేం లేదు. మూడు పేజీల్లో నత్తి నిజంగా ఆపినది ఒక్కటీ దొరకలేదు. చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాను. సంతోషం వేయలేదు. ముప్పై ఏళ్ళు ఎవరో నన్ను కట్టేశారనుకుంటే ముడి నా చేతిలోనే ఉందని తెలిసినట్టుంది, దుఃఖం వచ్చింది.

పద్ధతి గురించి చెప్తాను, ఎవరికైనా పనికొస్తుందేమో. ఇందులో చాలా భాగం చార్లెస్ వాన్ రైపర్ అనే అమెరికన్ థెరపిస్టు ఏర్పరచినది, ఆయనకీ నత్తి ఉండేదట. మాట ఇరుక్కున్నప్పుడు మనం చేసేది ఇంకా గట్టిగా తోయడం. అది ఆపాలి. ఎక్కడ బిగిసిందో గమనించాలి. నాకైతే కింది పెదవి. అక్కడ కొంచెం వదులు చేసి, ఊపిరి సన్నగా వదులుతూ మాటలోకి జారాలి. అప్పటికే ఇరుక్కుని బయటపడ్డాక, ముందుకి పరుగెత్తకుండా ఒక క్షణం ఆగి, అదే మాట మెత్తగా ఇంకోసారి అనాలి. చెప్పడానికి రెండు వాక్యాలు. నాకు నాలుగు నెలలు పట్టింది, ఇప్పటికీ సగంసార్లు మర్చిపోతాను.

అన్నిటికన్నా కష్టమైనది ఇంకోటి. కావాలని నత్తిగా మాట్లాడటం. వినగానే కోపమొచ్చింది. జన్మంతా దాచుకున్నదాన్ని నేనే వెళ్ళి నలుగురికీ చూపించాలా? “నలభైమందిని అడిగి రండి, తర్వాత తిట్టండి” అన్నారు మేడమ్.

ఆర్టీసీ కాంప్లెక్స్‌లో అడిగాను. “పి పి పి పిఠాపురం బస్సు ఎన్నింటికండీ?” మొదటిరోజు గంటన్నర తిరిగి ఒక్కరినే అడిగాను. ఆయన పెద్దాయన, చేతిలో సంచి. “అదిగో బాబూ, ఆ చివర ఆగుద్ది” అని చెప్పి బీడీ ముట్టించుకున్నాడు. అంతే. నా గుండె ఎంత కొట్టుకుందో ఆయనకేం తెలుసు. మూడు వారాల్లో నలభై పూర్తి చేశాను, నోటుబుక్కులో గీతలు గీశాను, చిన్నప్పటి లాగే. నవ్వినవాళ్ళు ఇద్దరు, కాలేజీ కుర్రాళ్ళు. పక్కకి చూసినవాళ్ళు ఐదుగురు. మాట అందించబోయినవాళ్ళు కొందరు. మిగతావాళ్ళందరూ బస్సు టైము చెప్పారు. ఒకావిడ “నేనూ అక్కడికేనండి, రండి” అని తీసుకెళ్ళబోయింది, తప్పించుకోవడం కష్టమైంది. ఆ ఇద్దరి నవ్వు కోసం నేను ముప్పై ఏళ్ళు మిగతా ముప్పై ఎనిమిది మందితో మాట్లాడలేదు. ఆ లెక్క చూసుకున్న రాత్రి నిద్ర పట్టలేదు.

అక్కడితో బాగుపడిపోయానని కాదు. కార్తీకంలో ఒక షాపుకి కాగితం రేటు కోసం ఫోను చేశాను. ‘ప’ దగ్గర ఆగాను. అవతలాయన “హలో, హలో” అని పెట్టేశాడు. మళ్ళీ చేశాను. ఈసారి “పనిలేదా” అని తిట్టి పెట్టేశాడు. ఫోను కింద పెట్టి మూల గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. మూడు వారాలు కాకినాడ వెళ్ళలేదు. పాత మాటలన్నీ తిరిగొచ్చాయి: నావల్ల కాదు, ఇదంతా ఉత్తది, పదమూడేళ్ళు హాయిగా ఉన్నాను కదా. ఆ రోజుల్లో పంచాంగం ప్రూఫులు నా ముందున్నాయి. పేజీ తిప్పితే పరాభవ. అర్థం అందరికీ తెలిసిందే, ఓటమి, అవమానం. ఈ ఏడాది నాకే పేరు పెట్టినట్టుంది అనిపించింది.

అమ్మకి కూడా ఆ పేరు నచ్చలేదు. ఒక ఆదివారం ఇంటికెళ్తే “అదేం పేరు, వినడానికే బాలేదు” అంటోంది. నాన్న మంచం మీద నుంచి “నేను పుట్టింది అందులోనేగా” అన్నారు. నిజమే. అరవై ఏళ్ళకోసారి తిరిగొచ్చే పేరు, 1966లో పరాభవ వచ్చింది, నాన్న ఆ ఏడే పుట్టారు. ఈ ఏడాది ఆయన షష్టిపూర్తి. “నాకేం తక్కువైంది? పేరు పేరే. వానలు పడాల్సినప్పుడు పడతాయి” అన్నారు. నాన్న ఎక్కువ మాట్లాడరు. నా గురించి అన్నారో వాన గురించే అన్నారో నేను అడగలేదు. మర్నాడు మేడమ్‌కి ఫోను చేశాను. మెసేజ్ పెట్టలేదు, ఫోనే చేశాను.

మార్గశిరంలో పాపకి రాత్రిపూట కథ చెప్పడం మొదలుపెట్టాను. పేదరాశి పెద్దమ్మ కథే చెప్పాను, కావాలని. మొదటి మాటలోనే రెండు ‘ప’లు. ఇరుక్కున్నప్పుడు పాప నా పెదాల మీద వేలు పెట్టి ఎదురుచూసేది. తొందరపెట్టలేదు. పాప మాట కొన్ని రోజులు సాఫీగా ఉంటోంది, కొన్ని రోజులు ఆగుతోంది. ఇప్పుడు ఆగినా లోపలికి వెళ్ళిపోవట్లేదు, పూర్తి చేసే వెళ్తోంది. నాకు అది చాలు.

ఫాల్గుణంలో శుభలేఖల పని మొదలయ్యాక నేనే ఓనరు గారి దగ్గరికెళ్ళి కౌంటర్లో కూర్చుంటానని చెప్పాను. ఆయన కాసేపు చూసి “నత్తి తగ్గిందేంటబ్బాయ్?” అన్నారు. “లేదండి” అన్నాను. “సరే, రేపట్నించి కూర్చో” అన్నారు. వచ్చినవాళ్ళకి ముందే చెప్పేస్తాను: “నాకు నత్తండి, కొంచెం ఆగాలి మీరు.” చెప్పేస్తే సగం బిగువు అక్కడే పోతుంది. ఫోన్లో పెళ్ళికొడుకు తాతగారి పేరు నుంచి ముహూర్తం దాకా చదివి వినిపించాలి. రోజుకి పది, పన్నెండు చదువుతున్నాను. సాయంత్రానికి దవడ నొప్పెడుతుంది.

ఉగాదికి రెండు రోజుల ముందు ఊరెళ్ళాను. కండక్టరుకి పెద్దాపురం అనే చెప్పాను. అతను టిక్కెట్టు మిషను పట్టుకుని నిలబడ్డాడు, నేను పెదవి వదులు చేసుకున్నాను, వచ్చింది.

శాస్త్రిగారికి ఎనభై దాటాయి. కంట్లో శుక్లాలు తీశారు, ఇంకా చిన్న అక్షరాలు ఆనట్లేదు. రామాలయం దగ్గర కలిస్తే “నేను నవనాయకుల ఫలాలు నోటికి చెప్పేస్తాను, ఆదాయ వ్యయాలు ఎవరైనా చదవాలిరా” అన్నారు. నన్ను అడగలేదు, నాకు చెప్పారంతే. నా గురించి తెలిసిన మనిషి, అడగరు. నోరు ఎండిపోయింది. “నేను చదువుతానండి, ఆ పుస్తకం అచ్చుకి కూర్చింది నేనే” అన్నాను. ఈ రెండు మాటలకి ఎంతసేపు పట్టిందంటే, గుళ్ళో గంట కొట్టినవాళ్ళు ప్రదక్షిణం చేసి మళ్ళీ గంట దగ్గరికి వచ్చారు. శాస్త్రిగారు మొత్తం విన్నారు. “సాయంత్రం ఆరింటికిరా” అన్నారు.

మార్చి 19, గురువారం. వేపపూత పచ్చడి ఉదయం తిన్నది ఒంటికి పట్టలేదు. గుడి అరుగు మీద ఓ యాభై మంది ఉంటారు. మా ఆవిడ, పాప ముందు వరసలో. నాన్న స్తంభానికి ఆనుకుని నిలబడ్డారు, చిన్నప్పుడు మాస్టారి ముందు నిలబడ్డట్టే.

పుస్తకం తెరిచాను. నేను కొట్టిన అక్షరాలే. ‘శ్రీ’ వచ్చింది. తర్వాత ఆగింది. పెదాలు మూసుకున్నాయి. ఎంతసేపో నాకు తెలియదు, తర్వాత మా ఆవిడ పది సెకన్లుంటుందంది. ఎవరో వెనక నుంచి “పరాభవ” అని అందించారు, జాలితోనే. చెయ్యి కొంచెం ఎత్తాను, వద్దన్నట్టు. కళ్ళు మూసుకోకుండా నాన్న వైపు చూశాను. కింది పెదవి వదిలాను. ‘ప’ సన్నగా బయటికొచ్చింది, ఇంకోసారి వచ్చింది, మూడోసారి పరాభవ అయింది. ఒక్క క్షణం ఆగి, మేడమ్ చెప్పినట్టు ఆ మాటే మళ్ళీ మెత్తగా అన్నాను. శ్రీ పరాభవ నామ సంవత్సరం.

మేషం నుంచి మొదలుపెట్టాను. చాలాచోట్ల ఆగాను. రాజపూజ్యం దగ్గర, వృశ్చికం దగ్గర, ఊహించని చోట ‘మ’ దగ్గర కూడా. అవమానం అని పన్నెండుసార్లు చదివాను, అందులో నాదీ ఉంది. మీనం దాకా వెళ్ళి పుస్తకం మూయబోతుంటే వెనక నుంచి ఒక ముసలాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అరిచాడు:

“ఒరేయ్ అబ్బాయ్, ధనుస్సుకి వ్యయం ఎంతన్నావ్? మళ్ళీ చదువు, మా వాడు బోరు వేయిస్తానంటున్నాడు.”

పేజీ వెనక్కి తిప్పాను. “ధ ధ ధనుస్సుకి” అని మొదలుపెట్టాను. ఆయన చెవి దగ్గర చెయ్యి అలాగే పెట్టుకుని ఆగాడు.